విశాఖ కాల్టెక్స్, సిడ్నీ కాల్టెక్స్ ఒకటేనా?

నమస్కారం. ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ నాన్నగారు విశాఖలోని నూనెశుద్ధి కర్మాగారాన్ని చివరిదాకా "కాల్టెక్స్ రిఫైనరీ" అనే పిలిచేవారు. మీరు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఎర్ర నక్షత్రం ఉన్న కాల్టెక్స్ బంకుల్లో పెట్రోలు పోసుకున్నారు. ఇప్పుడు సిడ్నీలో అమ్మాయి ఇంటికి వెళితే, ఆమె ఏళ్ల తరబడి వెళుతున్న కాల్టెక్స్ బంకుకు ఆంపోల్ అనే బోర్డు వచ్చింది, నాలుగు వీధుల అవతల ఇంకేదో పేరున్న బంకు కొత్తగా కాల్టెక్స్‌గా మారింది. ఇవన్నీ ఒకే కంపెనీవా, పేరు మారితే పెట్రోలు మారుతుందా అన్నది మీ సందేహం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ వ్యాపారంలో ఉన్నాను. సగం కాలం మన తూర్పు తీరంలో ఇంధనం నిలవచేసి లారీలకు నింపే టెర్మినళ్లలో, మిగతా సగం మలేషియాలో బంకుల నిర్వహణ చూసే ఉద్యోగంలో గడిచింది. ఆ అనుభవంతో చెప్పేదేమిటంటే, బంకు మీద ఉన్న పేరు ఒకరిది, ఆ స్థలమూ పంపులూ ఇంకొకరివి, భూమి కింది ట్యాంకులోని సరుకు మరెవరిదో కావచ్చు. ఈ మూడూ ఒక్కరివే అయిన రోజులు ఒకప్పుడు ఉండేవి. కాల్టెక్స్ చరిత్ర అంటే ఆ మూడూ ఒకదాని నుంచి ఒకటి ఎలా విడిపోయాయన్న కథే.

అసలు ఈ పేరే ఇద్దరు యజమానుల పేర్లను అతికించి చేసినది. కాలిఫోర్నియాలోని "కాల్", టెక్సాస్‌లోని "టెక్స్" కలిస్తే కాల్టెక్స్. మొదటి భాగస్వామి స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రాక్‌ఫెల్లర్ చమురు సామ్రాజ్యం ముక్కలైనప్పుడు పశ్చిమ తీరంలో మిగిలిన ముక్క. వ్యాపార వర్గాల్లో దాన్ని సోకాల్ అనేవారు, నేటి షెవ్రాన్ అదే. రెండవ భాగస్వామి టెక్సాస్ కంపెనీ, అంటే టెక్సకో. ఆ ఎర్ర నక్షత్రం కూడా అటునుంచి వచ్చినదే, టెక్సాస్ జెండా మీది ఒంటి నక్షత్రం.

ఈ ఇద్దరూ ఎందుకు కలిశారో తెలిస్తే తరువాతి మలుపులన్నీ సులువుగా అర్థమవుతాయి. 1932లో సోకాల్ బహ్రెయిన్‌లో చమురు కనిపెట్టింది. నిజానికి ఆ హక్కు అంతకుముందు గల్ఫ్ ఆయిల్ అనే అమెరికా కంపెనీ చేతిలో ఉండేది, కానీ పాత ఒట్టోమన్ సామ్రాజ్యపు హద్దుల్లో ఎవరూ విడిగా తవ్వకూడదని పెద్ద కంపెనీలు 1928లో తమలో తాము రాసుకున్న "రెడ్ లైన్" ఒప్పందం దాని కాళ్లకు అడ్డం పడడంతో, ఆ ఒప్పందంలో లేని సోకాల్‌కు హక్కు అమ్ముకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది, 1933లో, సోకాల్ సౌదీ అరేబియాలోనూ తవ్వకాల హక్కు సంపాదించింది. అంత చమురు దొరికే సూచన కనిపించింది గాని, దాన్ని అమ్ముకోవడానికి సూయజ్‌కు తూర్పున సోకాల్‌కు ఒక్క బంకు కూడా లేదు. టెక్సకో పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. ఆసియాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో దానికి డిపోలు ఉన్నాయి, డీలర్లు ఉన్నారు, కిరోసిన్ డబ్బాలు మోసే ఏజెంట్లు ఉన్నారు, కానీ సరుకు అమెరికా నుంచి సముద్రాలు దాటి రావాలి. ఒకరి దగ్గర బావి, మరొకరి దగ్గర బజారు. 1936లో రెండూ చెరి సగం వాటాతో కలిసిపోయాయి. అదే సంవత్సరం సౌదీ హక్కులోనూ టెక్సకో సగం వాటా తీసుకుంది. 1938లో దమ్మామ్‌లోని ఏడవ బావి నుంచి చమురు ఎగజిమ్మిన తరువాత ఆ ఒప్పందం విలువ ఎంతో లోకానికి తెలిసింది. ఆ సౌదీ కంపెనీయే 1944లో అరామ్‌కో అయింది.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించాలి. కాల్టెక్స్ తన ఇష్టప్రకారం పుట్టిన కంపెనీ కాదు, ఇద్దరు తల్లిదండ్రుల ముడిచమురును వదిలించుకోవడానికి వేసిన కాలువ. అందుకే దానికి ఎక్కడికక్కడ రిఫైనరీలు, ఎక్కడికక్కడ స్థానిక భాగస్వాములు అవసరమయ్యారు. 1951 నుంచి జపాన్‌లో నిప్పన్ ఆయిల్‌తో, 1967 నుంచి దక్షిణ కొరియాలో లక్కీ సంస్థతో, అంటే తరువాతి ఎల్‌జీతో, చెరి సగం భాగస్వామ్యం అలా వచ్చినవే. ఇండొనేషియాలోని సుమత్రాలో మాత్రం ఇది సొంతంగా చమురు తవ్వే కంపెనీగానూ ఉండేది. అక్కడి మినాస్ క్షేత్రం కథ విచిత్రమైనది: యుద్ధం ముంచుకు రావడంతో కాల్టెక్స్ మనుషులు వదిలేసి వెళ్లిన సామగ్రితో, వాళ్లు గుర్తుపెట్టుకున్న చోటే జపాను సైన్యం 1944లో తవ్వి చమురు పట్టింది. ఆగ్నేయాసియాలోకెల్లా పెద్ద క్షేత్రం అదే.

ఇక విశాఖ సంగతి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో పెట్రోలు వ్యాపారమంతా బర్మా షెల్, స్టాన్వాక్ (తరువాతి ఎస్సో), కాల్టెక్స్ వంటి విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. 1950ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం ఈ మూడింటితోనూ రిఫైనరీల ఒప్పందాలు చేసుకుంది. స్టాన్వాక్, బర్మా షెల్ ముంబైలోని ట్రాంబేను ఎంచుకున్నాయి, 1953లో సంతకం పెట్టిన కాల్టెక్స్ విశాఖపట్నాన్ని ఎంచుకుంది. 1957లో మల్కాపురం దగ్గర కర్మాగారం నడక మొదలుపెట్టింది. ఏటా 6.75 లక్షల టన్నుల ముడిచమురు శుద్ధిచేసే ఆ కర్మాగారం తూర్పు తీరంలో మొట్టమొదటి రిఫైనరీ, విశాఖ నగరానికి వచ్చిన మొదటి పెద్ద పరిశ్రమల్లో ఒకటి. మీ నాన్నగారి తరానికి ఆ పేరు అలా నాటుకుపోవడంలో ఆశ్చర్యం లేదు. ఊరిని మార్చిన సంస్థ ఏ పేరుతో వచ్చిందో జనం నోట ఆ పేరే ఉంటుంది, కాగితం మీద ఎన్ని పేర్లు మారినా సరే.

ఆ ఒప్పందాల్లోని షరతుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. పాతికేళ్ల వరకు జాతీయం చేయబోమని ప్రభుత్వం మాట ఇచ్చింది. ముడిచమురు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న నిర్ణయాన్ని కంపెనీలకే వదిలేసింది. ఈ రెండవ షరతు చూడటానికి మామూలుగా ఉంటుంది, కానీ కాల్టెక్స్ తెచ్చుకునేది తన తల్లిదండ్రుల గల్ఫ్ బావుల నుంచి, ఆ తల్లిదండ్రులు ప్రకటించిన ధరకు. అంటే అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్లు, బిల్లు మాత్రం మన విదేశీ మారకద్రవ్యంలో. లాభాన్ని రిఫైనరీలో చూపించాలా, బావి దగ్గర చూపించాలా అన్నది వాళ్ల చేతిలో పని. అప్పటి లెక్కల పుస్తకాలు నేను చూడలేదు గాని, ఈ వ్యాపారంలో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషిగా చెబుతున్నాను, అలాంటి వెసులుబాటు ఉన్నప్పుడు వాడుకోని కంపెనీ ఉండదు.

1960లో సోవియట్ యూనియన్ తక్కువ ధరకు, పైగా రూపాయల్లో చెల్లించే వీలుతో, ముడిచమురు ఇస్తామని ముందుకు వచ్చింది. దాన్ని శుద్ధిచేసిపెట్టమని ప్రభుత్వం మూడు కంపెనీలనూ అడిగితే, మా సరఫరా ఒప్పందాలు వేరే ఉన్నాయని మూడూ కాదన్నాయి. దిగుమతి ధరలో కొంత తగ్గింపు మాత్రం ఇచ్చాయి, అంటే అంతకాలం తీసుకున్న ధరలో తగ్గించుకునే చోటు ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టయింది. ప్రభుత్వం ఆ సంఘటనను మరిచిపోలేదు. 1959లో పెట్టిన ఇండియన్ ఆయిల్ ద్వారా సోవియట్ డీజిల్‌ను, కిరోసిన్‌ను నేరుగా తెప్పించి అమ్మడం మొదలుపెట్టింది. చమురు మంత్రి కె. డి. మాలవీయ పట్టుదల దీని వెనుక ఎంతో ఉంది. ఆ తరువాత వరుసగా ధరల విచారణ సంఘాలు వచ్చి, విదేశీ కంపెనీల లాభం తీసే దారులను ఒక్కొక్కటిగా ఇరుకుచేశాయి.

1973లో అరబ్బు దేశాలు చమురు కుళాయి బిగించేసరికి కంపెనీలకు ఇక్కడ ఉండాలన్న ఆసక్తే సన్నగిల్లింది. బావులే చేజారిపోతుంటే ఆ బావుల సరుకు అమ్మడానికి కట్టిన కాలువతో పనేముంది? 1974లో ఎస్సో వ్యాపారం హిందూస్తాన్ పెట్రోలియం అయింది, 1976 మొదట్లో బర్మా షెల్ ప్రభుత్వపరమై తరువాత భారత్ పెట్రోలియం అయింది. 1976 డిసెంబరు 30న రాష్ట్రపతి జారీచేసిన ఆర్డినెన్సుతో కాల్టెక్స్ రిఫైనరీ, దాని అమ్మకాల వ్యాపారం రెండూ ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1978 మే నెలలో హిందూస్తాన్ పెట్రోలియంలో కలిసిపోయాయి. పాతికేళ్ల మాట గడువు పూర్తికాకముందే ఇది జరిగింది గదా అని కొందరు అంటారు. నా అభిప్రాయంలో అప్పటికి ఆ మాట నిలబెట్టమని గట్టిగా అడగాలన్న కోరిక అవతలివాళ్లకే లేదు.

అంటే మన కోస్తా పట్టణాల్లో తాతల కాలం నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న పాత హెచ్‌పీ బంకుల్లో కొన్ని ఒకప్పటి కాల్టెక్స్ బంకులు, కొన్ని ఎస్సో బంకులు. డీలరు మారలేదు, స్థలం మారలేదు, రంగూ బోర్డూ మారాయి. సరుకు వచ్చే రిఫైనరీ కూడా అదే. సిడ్నీలో మీరు ఇప్పుడు చూసినది మన దగ్గర యాభై ఏళ్ల కిందటే జరిగింది.

మన దేశం నుంచి తప్పుకున్నాక మిగతా ప్రపంచంలో కాల్టెక్స్ నడక ఇంకోలా సాగింది. ఐరోపా వ్యాపారాన్ని 1967లోనే తల్లిదండ్రులిద్దరూ పంచేసుకున్నారు. ప్రధాన కార్యాలయం న్యూయార్క్ నుంచి టెక్సాస్‌లోని డాలస్ శివారుకు, అక్కడి నుంచి 1999లో సింగపూర్‌కు మారింది. కంపెనీ గిరాకీ అంతా ఆసియాలోనే ఉన్నప్పుడు అమెరికాలో కూర్చుని చేసేదేమిటన్న ఆలోచన. 2001లో షెవ్రాన్, టెక్సకో విలీనం కావడంతో ఇద్దరు తల్లిదండ్రులూ ఒక్కరే అయ్యారు, కాల్టెక్స్ అన్నది కంపెనీ స్థాయి నుంచి షెవ్రాన్ వాడుకునే పేరు స్థాయికి వచ్చింది.

అక్కడి నుంచి షెవ్రాన్ ఒక పద్ధతి పాటించింది. బావుల్లో పెట్టుబడికి వచ్చే లాభంతో పోలిస్తే బంకుల లాభం తక్కువ కాబట్టి, దేశాల వారీగా బంకుల వ్యాపారాన్ని అమ్మేస్తూ, చాలాచోట్ల పేరును మాత్రం కిరాయికిచ్చింది. బంకులు కొన్నవాడు పేరును కొన్నవాడు కాదు, అద్దెకు తీసుకున్నవాడు అన్నమాట. అద్దె ఇల్లు ఖాళీచేయమంటే ఏమవుతుందో మీరు సిడ్నీలో చూశారు.

ఆస్ట్రేలియాలో 1995లో కాల్టెక్స్, స్థానిక కంపెనీ ఆంపోల్ కలిశాయి. కలిసిన కంపెనీ కాల్టెక్స్ ఆస్ట్రేలియా పేరుతో షేరు మార్కెట్లో ఉండేది, అందులో సగం వాటా షెవ్రాన్‌ది. 2015లో షెవ్రాన్ ఆ సగం మొత్తం అమ్మేసింది. అప్పటి నుంచి కాల్టెక్స్ ఆస్ట్రేలియాకూ అసలు కాల్టెక్స్ యజమానికీ మధ్య మిగిలిన చుట్టరికం పేరు లైసెన్సు ఒక్కటే. 2019 చివర షెవ్రాన్ ఆ లైసెన్సు రద్దుచేస్తున్నట్టు నోటీసు ఇచ్చింది. అప్పుడు ఆ కంపెనీ పాత పెట్టెలో భద్రంగా ఉన్న ఆంపోల్ పేరును బయటకు తీసి, 2020లో తన పేరే ఆంపోల్‌గా మార్చుకుని, బంకుల బోర్డులన్నీ విడతల వారీగా మార్చుకుంది. మరోపక్క షెవ్రాన్ 2020లో ప్యూమా ఎనర్జీ వారి ఆస్ట్రేలియా బంకులను కొని, 2022 నుంచి వాటికి కాల్టెక్స్ బోర్డు పెట్టింది. అందువల్ల మీ అమ్మాయి అలవాటుగా వెళ్లే ఆంపోల్ బంకే పాత కాల్టెక్స్ మనుషులది, కొత్తగా వచ్చిన కాల్టెక్స్ బంకు నిన్నటి ప్యూమా అయివుంటుంది.

న్యూజీలాండ్ సంగతి ఇంకా చిక్కు. అక్కడి షెవ్రాన్ వ్యాపారాన్ని 2016లో జెడ్ ఎనర్జీ కొన్నది. ఈ జెడ్ ఎవరంటే అక్కడి ఒకప్పటి షెల్. కొన్న తరువాత కాల్టెక్స్ బోర్డులను లైసెన్సు మీద అలాగే ఉంచింది. 2022లో ఆ జెడ్‌ను ఆంపోల్ కొనేసింది. సిడ్నీలో కాల్టెక్స్ పేరు వదులుకున్న కంపెనీయే ఆక్లాండ్‌లో కాల్టెక్స్ బంకుల వెనుక యజమానిగా కూర్చుంది. ఇలాంటివి చూసినప్పుడల్లా, బోర్డును బట్టి కంపెనీని ప్రేమించేవాళ్ల మీద నాకు జాలి వేస్తుంది.

దక్షిణాఫ్రికాలో షెవ్రాన్ వాటా గ్లెన్‌కోర్ అనే సరుకుల వ్యాపార సంస్థ అండ ఉన్నవారికి వెళ్లి, కంపెనీ 2018లో ఆస్ట్రన్ ఎనర్జీ అయింది, కాల్టెక్స్ బోర్డులు అక్కడా దిగిపోవడం మొదలైంది. పాకిస్తాన్‌లోని షెవ్రాన్ వ్యాపారాన్ని 2015లో టోటల్ పార్కో అనే కంపెనీ కొన్నది. కొరియాలో మాత్రం ఎల్‌జీ కుటుంబం విడిపోయిన తరువాత 2005 నుంచి జీఎస్ కాల్టెక్స్ పేరుతో చెరి సగం భాగస్వామ్యం ఈనాటికీ నడుస్తున్నది. యోసులోని వాళ్ల రిఫైనరీ రోజుకు దాదాపు 8 లక్షల పీపాలు శుద్ధిచేసే మహా కర్మాగారం. మలేషియా, సింగపూర్, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ వంటి చోట్ల షెవ్రాన్ తానే ఉండి నడిపింది, మీరు కౌలాలంపూర్‌లో చూసినది అది.

ఇక పెట్రోలు మారుతుందా అన్న రెండవ ప్రశ్నకు వద్దాం. సామాన్యులకు తెలియని సంగతి ఏమిటంటే, ఒక రేవులో నాలుగు కంపెనీల బంకులు ఉన్నంతమాత్రాన నాలుగు రకాల పెట్రోలు ఉండదు. ఓడ నుంచో రిఫైనరీ నుంచో వచ్చిన సరుకు ఒకే నాణ్యతా ప్రమాణానికి తయారై పెద్ద ట్యాంకుల్లో నిలవ ఉంటుంది. ఒక ఊళ్లో ట్యాంకులున్న కంపెనీ ఇంకో కంపెనీ లారీలను నింపుతుంది, దానికి బదులుగా వేరే ఊళ్లో తన లారీలను నింపించుకుంటుంది. బియ్యం చేబదులు ఇచ్చి మళ్లీ బియ్యమే తీసుకున్నట్టు. రిఫైనరీలు మూతపడుతున్న కొద్దీ ఈ చేబదుళ్లు పెరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లో కాల్టెక్స్ తన బటాంగాస్ రిఫైనరీని 2003లో దిగుమతి టెర్మినల్‌గా మార్చేసింది, సిడ్నీ దగ్గరి కర్నెల్ రిఫైనరీ 2014లో అదే దారి పట్టింది.

మరి తేడా ఎక్కడ వస్తుందంటే లారీ నింపే చోట. గ్యాంట్రీ అంటాం, ఎత్తైన ఇనుప వేదిక. లారీ కిందికి వచ్చి నిలబడగానే డ్రైవరు ముందు ఎర్తింగ్ వైరు తగిలిస్తాడు, కార్డు గీస్తాడు, లోడింగ్ గొట్టం బిగిస్తాడు. కార్డులో ఏ కంపెనీ పేరు ఉంటే ఆ కంపెనీకి కేటాయించిన చిన్న పంపు పక్కనుంచి మొదలై, ప్రవహిస్తున్న పెట్రోలులోకి తన రసాయనాన్ని కొలత ప్రకారం వదులుతుంది. పది లక్షల పాళ్లలో కొన్ని వందల పాళ్లు, అంతే. కాల్టెక్స్ విషయంలో ఆ రసాయనం పేరు టెక్రాన్. అందులో ప్రధానమైనది పాలీఈథర్ అమీన్ అనే పదార్థం, ఇంజిన్ లోపలి కవాటాల మీద, ఇంజెక్టర్ల మీద పేరుకునే మసిని అది కరిగిస్తుంది. ఇది ఉత్త ప్రచారం కాదు, పనిచేసే వస్తువే. అయితే పేరున్న మిగతా కంపెనీల దగ్గరా ఆ పని చేసే రసాయనాలు ఉన్నాయి. నన్నడిగితే, ఆక్టేన్ సంఖ్య (పెట్రోలు ఇంజిన్‌లో వేళకు ముందే మండకుండా తట్టుకునే శక్తిని చెప్పే అంకె) మీ బండి పుస్తకంలో రాసినదానికి సరిపోవాలి, బంకులో అమ్మకం బాగా ఉండి సరుకు నిలవ ఉండకూడదు. ఈ రెండూ చూసుకున్న తరువాతే బ్రాండు గురించి ఆలోచించాలి.

ఒక అనుభవం చెబుతాను, ఏ కంపెనీదో అడగవద్దు. ఒక రాత్రి ఒక టెర్మినల్‌లో ఆ చిన్న పంపు ఆగిపోయింది. హెచ్చరిక గంట మోగలేదు. తెల్లవారి షిఫ్టు లెక్క చూస్తే రసాయనం ట్యాంకు మట్టం ఒక్క అంగుళం కూడా దిగలేదు, పదకొండు లారీలు మాత్రం వెళ్లిపోయాయి. ఆ పదకొండు లారీల పెట్రోలు చట్టప్రకారం నిక్షేపంలా ఉంది, ఏ ప్రయోగశాలకు పంపినా ప్రమాణానికి సరిపోతుంది. కానీ బోర్డు మీద రాసిన మాట మాత్రం అందులో లేదు. ఆ ఉదయమంతా నేను ఫోను పట్టుకుని బంకులకు చేస్తూ, రసాయనాన్ని చిన్న డబ్బాల్లో పంపి భూగర్భ ట్యాంకుల్లో లెక్క ప్రకారం పోయిస్తూ గడిపాను. బ్రాండు అంటే ఏమిటని శిక్షణ తరగతుల్లో ఎవరైనా అడిగితే నాకు ఆ ఖాళీ కాని ట్యాంకే గుర్తుకొచ్చేది.

బంకు దగ్గర జరిగేది ఏ దేశమైనా ఇంచుమించు ఒకటే. వచ్చిన లారీని కాసేపు కదలకుండా ఉంచాలి, లోపలి ఇంధనం నిలకడ కావాలి, నీళ్లేమైనా ఉంటే అడుక్కు దిగాలి. డిప్ రాడ్, అంటే లోతు కొలిచే కడ్డీ, చివర నీటిని పట్టే పేస్టు పూసి దించితే, నీరు తగిలిన మేరకు పేస్టు రంగు మారుతుంది. తరువాత గాజు జాడీలోకి నమూనా తీసి, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు వదిలి, థర్మామీటరు చూసి, వచ్చిన సాంద్రతను 15 డిగ్రీల లెక్కకు మార్చి ఇన్‌వాయిస్‌లోని అంకెతో పోల్చాలి. మన దేశంలో ఘనపు మీటరుకు 3 కిలోల కంటే ఎక్కువ తేడా వస్తే సరుకు దించుకోకూడదు. ఇక్కడ ఆ రిజిస్టరు చూపించమని, 5 లీటర్ల కొలతపాత్రతో కొలిచి చూపించమని వినియోగదారుడు అడగవచ్చు. అడిగేవాళ్లు తక్కువ, అడిగితే చిరాకుపడే బంకులు ఎక్కువ.

ధర మాత్రం బ్రాండు కంటే దేశాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. మలేషియాలో ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి కాల్టెక్స్ అయినా పెట్రోనాస్ అయినా సాధారణ పెట్రోలు ఒకే రేటు. వంతెన దాటితే సింగపూర్‌లో ధర కంపెనీల ఇష్టం, పన్నులు ఎక్కువ. అందుకే సింగపూర్ నుంచి బయలుదేరే అక్కడి కార్ల ట్యాంకు కనీసం నాలుగింట మూడు వంతులు నిండి ఉండాలని చట్టం పెట్టారు, ఇవతల మలేషియా వారు రాయితీ ఉన్న 95 ఆక్టేన్ రకాన్ని విదేశీ నంబరు బండ్లకు పోయకూడదన్నారు. సింగపూర్ పక్కనే ఉన్న మలేషియా రాష్ట్రం జొహోర్‌లో, మా బంకుల్లో 95 రకం పోసే పసుపు గొట్టం దగ్గర సింగపూర్ నంబరు బండి ఆగితే చాలు, క్యాషియరు మైకులో పిలిచి ఆపవలసి వచ్చేది.

ఇలా ధర చేతిలో లేనప్పుడు డీలరు బతికేది దేని మీదంటే దుకాణం మీద. లీటరు మీద వచ్చే కమీషన్ ఎంతో ముందే తెలుసు, దానిలోంచే జీతాలు, కరెంటు, కార్డు చార్జీలు పోవాలి. కాల్టెక్స్ బంకుల్లో స్టార్ మార్ట్ పేరుతో కనిపించే దుకాణంలో ఒక కాఫీ మీద మిగిలేది చాలా లీటర్ల పెట్రోలు మీద మిగిలేదానితో సమానం. కంపెనీ డీలరుకు పెట్టే తనిఖీలు కూడా దీన్నిబట్టే ఉంటాయి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, లైట్లన్నీ వెలుగుతున్నాయా, కౌంటరు దగ్గర మనిషి పలకరించాడా అని మామూలు కొనుగోలుదారు వేషంలో వచ్చి మార్కులు వేసి వెళతారు. స్థలం కంపెనీదై డీలరు నడిపేవాటిలో ఈ తనిఖీ పట్టు ఎక్కువ. స్థలం డీలరుదే అయితే కంపెనీ కాస్త తగ్గి మాట్లాడుతుంది, ఎందుకంటే ఒప్పందం ముగిసిన రోజున అతను వేరే బోర్డు పెట్టుకోగలడు.

మీ నాన్నగారి కాల్టెక్స్ ఈనాడు ఎక్కడికి వచ్చిందో కూడా చెప్పి ముగిస్తాను. 6.75 లక్షల టన్నులతో మొదలైన విశాఖ రిఫైనరీని ఏటా 1.5 కోట్ల టన్నుల సామర్థ్యానికి విస్తరించారు. అక్కడి సరుకు విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు పైపులైనులో వెళుతున్నది. పంపు మీద కాల్టెక్స్ పేరు మన దేశంలో మళ్లీ రాలేదు. కానీ 2023లో హిందూస్తాన్ పెట్రోలియం, షెవ్రాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి: హావొలిన్, డెలో వంటి ఇంజిన్ ఆయిళ్లను కాల్టెక్స్ బ్రాండుతో మన దేశంలో తయారుచేసి అమ్మే లైసెన్సు హిందూస్తాన్ పెట్రోలియానిదే. ఒకప్పుడు ఆ పేరును బోర్డుల మీద నుంచి తుడిచేసిన సంస్థ ఇప్పుడు అదే పేరును అద్దెకు తెచ్చుకుని డబ్బాల మీద అచ్చువేస్తున్నది.